కుక్కపిల్లను తెచ్చే ముందు ఇంట్లో అందరినీ అడిగారా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పెంపుడు కుక్కల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏ జాతి ఎలా ఉంటుంది, దేనికి బొచ్చు ఎక్కువ, ఏది పిల్లలతో తొందరగా కలిసిపోతుంది అన్నీ బాగానే రాశారు, ఫోటోలు కూడా ముచ్చటగా ఉన్నాయి. కానీ ఆ కుక్క వచ్చి చేరే ఇంటి గురించి, ఆ ఇంట్లో మనుషుల గురించి ఒక్క పేరా కూడా లేదు. అది నాకు పెద్ద లోటుగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా దయచేసి వేయండి. వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి, మా విజయవాడలో నేను చూసినంతలో కుక్కపిల్లలు ఇళ్లకు చేరేది పిల్లల పరీక్షలు అయిపోయిన ఆ రోజుల్లోనే, బడులు తెరిచిన కొన్నాళ్లకు వాటిలో కొన్ని రోడ్డు మీద కనిపిస్తాయి.

మాది సత్యనారాయణపురం. పొద్దున్నే నడకకు వెళ్లినప్పుడు ఏలూరు కాలువ గట్టు మీద ఆమధ్య ఒక లాబ్రడార్ కనిపించేది. ఊరకుక్క కాదని చూడగానే తెలిసిపోతుంది, మెడ చుట్టూ బెల్టు ఒరిసిన చోట వెంట్రుకలు అరిగిపోయి గుండ్రంగా చార కనిపిస్తోంది. ఏ స్కూటర్ స్పీడు తగ్గించినా లేచి నిలబడి నడిపే మనిషి మొహంలోకి చూసేది, మళ్లీ కూర్చునేది. బిస్కెట్ పెడదామని వంగితే ఎవరూ అడగకుండానే కుడి కాలు ఎత్తి చేతికి ఇచ్చేది. అంటే ఎవరో దాన్ని కూర్చోబెట్టుకుని ఓపిగ్గా షేక్‌హ్యాండ్ నేర్పారన్న మాట. చెత్తకుండీలో వెతుక్కు తినడం దానికి రాదు, వీధికుక్కలు మీద పడితే తిరగబడటమూ రాదు. చివరికి జంతువుల్ని చూసుకునే కుర్రాళ్లెవరో వచ్చి తీసుకెళ్లారు, అది దాని అదృష్టం.

దాన్ని వదిలేసినవాళ్లు కర్కోటకులని నేను అనుకోను. కర్కోటకులైతే షేక్‌హ్యాండ్ నేర్పరు కదా. ముద్దుగానే పెంచారు, ఆ తర్వాత ఎక్కడో చేతకాక వదిలించుకున్నారు. పెంపుడు జంతువును తిండీ నీళ్లూ దొరకని చోట అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమని వాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు, తెలిసినా ఆగి ఉండేవారో లేదో. అంతదాకా రాకుండా ఉండాలంటే కుక్కపిల్ల గడప తొక్కకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మన ఇళ్లల్లోకి కుక్కపిల్ల ఎలా వస్తుందో అందరికీ తెలుసు. కొడుకు పుట్టినరోజనో, కూతురికి టెన్త్‌లో మంచి మార్కులొచ్చాయనో నాన్న ఒక సాయంత్రం అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చేస్తాడు, ఎవరికీ చెప్పకుండా, సర్‌ప్రైజ్‌గా. పిల్లలు గంతులేస్తారు, వీడియోలు తీస్తారు, స్టేటస్‌లు పెడతారు. ఆ హడావుడిలో ఇంటావిడ మొహం ఎవరూ చూడరు. మర్నాడు తెల్లారేసరికి హాల్లో తడి తుడిచేది ఆవిడే, దానికి గిన్నెలో తిండి కలిపేది ఆవిడే, ఆయన ఆఫీసుకీ పిల్లలు స్కూలుకీ వెళ్లిపోయాక రోజంతా దాని ఏడుపు వింటూ వంట చేసుకునేదీ ఆవిడే. పది రోజులకు పిల్లల సరదా తగ్గుతుంది, ఆవిడ పని మాత్రం తగ్గదు. అందుకే కుక్క కావాలని ఎవరు మారాం చేస్తున్నారన్నదాని కంటే పగలంతా ఇంట్లో ఉండేది ఎవరన్నది ముందు చూడాలి, ఆ మనిషి మనస్ఫూర్తిగా సరే అనాలి. ‘మీ ఇష్టం’ అని వంటింట్లోకి వెళ్లిపోతే దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క వేయకండి, వెనక్కి పిలిచి కూర్చోబెట్టి మళ్లీ అడగండి.

పెద్దవాళ్లున్న ఇళ్లల్లో ఇంకో సంగతి ఉంది. మా అత్తయ్య గారిది మడి, ఆచారం. పిల్లలు కుక్కపిల్ల కావాలని పట్టుబట్టినప్పుడు ఆవిడకు చెప్పకుండా తెచ్చేద్దాం, చూశాక ఆవిడే కరిగిపోతుంది అని మావారు అన్నారు, నేను ససేమిరా అన్నాను. ఆవిడనే పిలిచి అడిగాం.

“తెచ్చుకోండమ్మా, నేనేం కాదనను. కానీ వంటింటి గడప, దేవుడి గది గడప అది దాటకూడదు. నేను మడి కట్టుకున్నప్పుడు నా మీదకి రాకూడదు. ఆ పూచీ మీది” అన్నారు.

“అమ్మా, అది పసిది, దానికి మడి ఏం తెలుస్తుందే?” అన్నారు మావారు.

“దానికి తెలియక్కర్లేదురా, నీకు తెలిస్తే చాలు” అన్నారావిడ.

ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. కుక్కపిల్ల రాకముందే వడ్రంగిని పిలిపించి వంటింటి గుమ్మానికి మోకాలెత్తున చెక్క అరతలుపు పెట్టించాం. దేవుడి గదికి ఎలాగూ తలుపుంది. మొదటి రోజు నుంచీ లోపలికి దారి లేకపోవడంతో అది ఆ గదుల్లోకి వెళ్లడం నేర్చుకోనే లేదు, నేర్చుకున్నదాన్ని మాన్పించే తిప్పలూ మాకు రాలేదు. ఇప్పుడు అత్తయ్య గారు భోజనానికి కూర్చుంటే అది అరతలుపు అవతల పడుకుని ఆవిడను చూస్తూ ఉంటుంది, ఆవిడకీ ఇబ్బంది లేదు, దానికీ లేదు. ముందు చెప్పకుండా తెచ్చి ఉంటే రోజూ ఒక గొడవ, ప్రతి గొడవలోనూ దెబ్బలు తినేది ఆ నోరులేని జీవి.

మాది శాకాహార ఇల్లు, గుడ్డు కూడా రాదు. మా పేటలో చాలా ఇళ్లు అంతే. ఇది కూడా ముందే తేల్చుకోవాల్సిన విషయం. కుక్క మన పెరుగన్నం తిని బతికేస్తుంది అనుకుంటారు, బతుకుతుంది కానీ ఎదిగే పిల్లకు దాంట్లో ప్రోటీన్ చాలదు. మేము ఆలోచించుకుని, గుడ్లు పెరట్లో వేరే స్టవ్ మీద వేరే గిన్నెలో ఉడకబెట్టడానికి, మిగతాది ప్యాకెట్ ఫుడ్ పెట్టడానికి ఒప్పుకున్నాం. అది కూడా కుదరని ఇల్లయితే శాకాహారంతో కుక్కను ఎలా పెంచాలో పశువుల డాక్టర్‌ని అడిగి, సరిగ్గా తూకం చూసుకుని పెంచవచ్చు. పిల్లి విషయంలో మాత్రం ఆ వీల్లేదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి, దానికి కావలసిన టారిన్ అనే పదార్థం మాంసం, చేపల్లోంచి రావలసిందే, అది అందకపోతే కళ్లూ గుండే దెబ్బతింటాయి. ఇంట్లో మాంసం వాసనే పడదు అనుకునేవాళ్లు పిల్లిని తెచ్చుకోకపోవడం మంచిది.

ఇంకా చాలామంది లెక్కలోకి తీసుకోనిది పిల్లల చదువు. లాబ్రడార్ పది పన్నెండేళ్లు బతుకుతుంది, బాగా చూసుకుంటే మన నాటు కుక్క ఇంకో రెండేళ్లు ఎక్కువే ఉంటుంది. ఏడో క్లాసులో ఉన్న పిల్లవాడు నా కుక్క, నా కుక్క అని అడుగుతాడు, మన ఊళ్లో వాడు ఇంటర్‌కి వచ్చేసరికి హాస్టల్లో ఉంటాడు, ఆ తర్వాత ఇంజినీరింగ్ అని ఇంకో ఊరు, ఉద్యోగమని హైదరాబాదో బెంగళూరో. అప్పటికి కుక్కకు నడివయసు దాటుతుంది, ఆ వయసులో దానికి కీళ్ల నొప్పులు, చూపు తగ్గడం, మందులు, అవన్నీ ఇంట్లో మిగిలిన ఇద్దరే చూసుకోవాలి. కాబట్టి కుక్క పిల్లవాడిదని ఎవరూ అనుకోవద్దు, పెంచేది అమ్మానాన్నలే. పిల్లల పేరు మీద తెచ్చుకోండి తప్పులేదు, కానీ మీ ఇద్దరికీ కావాలనిపిస్తేనే తెచ్చుకోండి.

మేము చేసిన ఒక పని చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కుక్క లేకుండానే ఒక నెల రోజులు కుక్క డ్యూటీ చేశాం. పొద్దున్న ఐదున్నరకు ఎవరి వంతు వాళ్లు లేచి వీధి చివరిదాకా ఒక చుట్టు తిరిగి రావాలి, వాన పడినా సరే, ముందు రోజు రాత్రి పెళ్లికి వెళ్లి ఆలస్యంగా పడుకున్నా సరే. సాయంత్రం మళ్లీ ఒక చుట్టు. రోజుకు మూడుసార్లు టైముకి గిన్నె కడిగి నీళ్లు మార్చాలి. ఎవరి పని ఎప్పుడో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాం, చేసినవాళ్లు టిక్కు పెట్టాలి. కుక్క తిండికీ మందులకీ నెలకు ఎంతవుతుందో పెంచేవాళ్లను అడిగి తెలుసుకుని, ఆ డబ్బు ఒకటో తారీఖునే తీసి విడిగా ఒక డబ్బాలో వేశాం. మొదటి వారం మహా హుషారు. ఆ తర్వాత కాగితం మీద మా అబ్బాయి గళ్లు ఖాళీగా కనిపించడం మొదలైంది, వాడు పొద్దున్న లేవలేడని అప్పుడు తెలిసింది. తిట్టలేదు, వాడికి సాయంత్రం డ్యూటీ ఇచ్చి పొద్దున్నది మావారు తీసుకున్నారు. ఈ సర్దుబాటు కుక్క వచ్చాక జరిగి ఉంటే ఆ ఖాళీ గళ్లలో అది మూత్రం బిగబట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉండేది. నెల తిరిగేసరికి ఇంట్లో ఎవరికైనా ఇది మా వల్ల కాదు అనిపిస్తే, ఏ ప్రాణికీ అన్యాయం జరగకుండానే ఆ సంగతి తెలిసిపోతుంది, అక్కడితో ఆగిపోవచ్చు. ఆగిపోతే పిల్లలు నాలుగు రోజులు అలుగుతారు, అంతే.

ఇదే సమయంలో కుక్క ఉన్న చుట్టాలింటికి వెళ్లి రెండు మూడు పూటలు గడిపి రండి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, అలర్జీ ఉంటే బొచ్చుతో ఇబ్బంది పడతారో లేదో అక్కడే కొంతవరకు తెలుస్తుంది. భయపడే పిల్లలుంటే ఆ భయం కూడా అక్కడే కాస్త వదులుతుంది.

అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందే మాట్లాడండి, దాచిపెట్టి తెచ్చుకుంటే ఆర్నెల్లకు ఇల్లయినా ఖాళీ చేయాలి, కుక్కనైనా వదులుకోవాలి. సొంత ఫ్లాట్ వాళ్లకు మాత్రం ఒక ధైర్యం ఉంది, పెంపుడు కుక్కల్ని మెజారిటీ తీర్మానంతో కూడా అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మార్గదర్శకాలు మనవైపు ఉన్నాయని పక్కింటివాళ్లతో పోట్లాటకు దిగనక్కర్లేదు. లిఫ్టులో, మెట్ల మీద బెల్టు పట్టుకుని తీసుకెళ్లడం, అది బయటికి వెళ్లిన చోట కాగితంతో ఎత్తి శుభ్రం చేయడం, ఈ రెండూ చేస్తే సగం గొడవలు రావు.

ఇక ఏ కుక్క అన్న ప్రశ్న. దీని మీద మీ వ్యాసం పేజీ నిండా రాసింది గనక నేను ఒక్క మాటే అంటాను, విజయవాడ ఎండల్ని తలుచుకుని ఎంచుకోండి. రోహిణి కార్తెలో మన ఊళ్లో 45 డిగ్రీల దగ్గర కాగుతుంటే మంచు దేశాల నుంచి వచ్చిన హస్కీని, సెయింట్ బెర్నార్డ్‌ని రెండు గదుల ఫ్లాట్‌లో పెట్టుకోవడం దాన్ని హింసించడమే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఒంటి వేడి తగ్గించుకునే ముఖ్యమైన దారి, ముక్కు అణిగిపోయిన పగ్ లాంటి జాతులకు ఆ రొప్పడం కూడా సరిగ్గా చేతకాదు. పగలంతా ఏసీ వేసి ఉంచగలమా, కరెంటు పోతే ఏం చేస్తాం అన్నది ముందే ఆలోచించుకోవాలి. మన ఎండలకు పుట్టి పెరిగిన నాటు కుక్కపిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి, మేము తెచ్చుకున్నదీ అదే. తెలివిలో, విశ్వాసంలో దేనికీ తీసిపోదు. మా వీధిలో ఈనిన కుక్కకు పుట్టిన పిల్లల్లో మగవాటిని అందరూ ఎంచుకుపోగా ఆడపిల్ల మిగిలింది, దాన్నే తెచ్చుకున్నాం. ఆడకుక్క అయితే ఆర్నెల్లకోసారి ఎదకొస్తుందని భయపడతారు, దానికి ఆపరేషన్ ఉంది, వయసు చూసి డాక్టరే చెప్తారు. ఎప్పుడు చేయించాలి, ఆ వారం రోజులు ఎవరు దగ్గరుండి చూసుకుంటారు అన్నది మాత్రం ముందే అనుకోవాలి. ఆపరేషన్ చేయించకుండా, పుట్టిన పిల్లల్ని సంచిలో వేసి కాలువ గట్టున వదిలేవాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

కొనేవాళ్లు వయసు అడగండి. 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లో చేసిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఉంది. కానీ రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్మేవి చూడండి, నెల దాటని పసిగుడ్లు, అమ్మ పాలు కూడా మరవలేదు. అంత చిన్నప్పుడే తల్లినీ తోబుట్టువులనూ వదిలేసిన పిల్లకు ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో తెలియదు, ఆ పాఠం తోటి పిల్లలతో ఆడుకుంటూనే నేర్చుకుంటుంది. తొందరపడి తెచ్చుకుంటే ఆ కొరుకుడు మన పిల్లల చేతుల మీద పడుతుంది.

తీసుకురాబోయే వారం ముందే పశువుల డాక్టర్ ఎవరో చూసి పెట్టుకోండి, రాత్రిపూట అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో కూడా. మనకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తారు. కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి, మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత ఏడాదికి బూస్టర్. నట్టల మందు చిన్నప్పుడు రెండు వారాలకోసారి, పెద్దయ్యేకొద్దీ డాక్టర్ చెప్పినట్టు. టీకాలు పూర్తయ్యేదాకా దాన్ని వీధిలో నేల మీద తిప్పకూడదు, పార్వో అనే జబ్బు అక్కడి నుంచే అంటుకుంటుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల వాడిపోతుంది, సెలైన్లు ఎక్కించుకుంటూ కాపాడటానికి పెట్టే డబ్బు కొన్న ధరను దాటిపోతుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు సబ్బుకు చావదు, బ్లీచింగ్‌కి చస్తుంది. ఈమధ్య కాలంలో మీ ఇంట్లో గానీ పోర్షన్‌లో గానీ పార్వోతో కుక్కపిల్ల పోయి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి, టీకాలు పూర్తికాని పిల్లను అక్కడికి తేవద్దు. మరీ ఇంట్లోనే బంధించినా అది పిరికిదవుతుంది, ఎత్తుకుని వీధి చూపించండి, ఆటోలు, స్కూటర్లు, గుడి మైకు, కూరగాయల బండి అరుపు అన్నీ ఆ వయసులోనే అలవాటు కావాలి.

ఇల్లు సర్దడం గురించి. పాకే పసిపిల్లకు ఇల్లు ఎలా సర్దుతామో అలాగే, నేల మీద పడుకుని దాని కళ్లతో గది చూడాలి. వేలాడే ఛార్జర్ వైర్లు, బీరువా కింద పెట్టి మరిచిపోయిన ఎలుకల మందు, బట్టల మధ్య కలరా ఉండలు, దేవుడి దగ్గర కర్పూరం డబ్బా, ఇవన్నీ పైకి చేరాలి. పూజకు పూలొస్తాయని చాలామంది వాకిట్లో గన్నేరు పెంచుతారు, గన్నేరు ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే, దాని చుట్టూ కంచె అయినా కట్టాలి, కొట్టేయనైనా కొట్టేయాలి. వంటింట్లో మనం రోజూ తినేవే దానికి హాని చేసేవి ఉన్నాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీలను దెబ్బతీస్తాయి, చాక్లెట్ గుండె మీద పనిచేస్తుంది. పండగనాడు పరమాన్నంలో జీడిపప్పుతో పాటు కిస్‌మిస్ కూడా వేస్తాం, పాపం అది కూడా తింటుందిలే అని చుట్టాలు ఒక గరిటె పెట్టేస్తారు. వచ్చేవాళ్లందరికీ చెప్పండి. ఉడికించిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి, అవీ పెట్టకూడదు. ఒళ్లు వేడిగా ఉందని మన మందుల డబ్బాలోంచి పారాసెటమాల్ తీసి వేయడం మరీ ప్రమాదం, పిల్లికైతే ఒక్క మాత్ర కూడా ప్రాణం తీస్తుంది.

పిల్లలకు నేర్పాల్సినవి కుక్కకు నేర్పేవాటి కంటే ఎక్కువ. అది తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లకూడదు, నిద్రలో ఉన్నప్పుడు తట్టి లేపకూడదు, మొహం మీద మొహం పెట్టి హత్తుకోకూడదు. తోక ఊపుతోంది కదా అని ప్రతిసారీ సంతోషంగా ఉందనుకోవద్దు, ఒళ్లు బిగబట్టి తోక ఊపితే దూరం జరగాలి. గుర్రుమంటే కొట్టకూడదు, ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అని అది మనకు చెప్పుకునే దారి అది, కొట్టి ఆ గుర్రు మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. ఐదేళ్లలోపు పిల్లల్ని, కుక్క ఎంత మంచిదైనా, ఒంటరిగా దాని దగ్గర వదలకండి, పక్క గదిలోకి ఫోన్ తీసుకోవడానికి వెళ్లినా సరే.

రేబిస్ గురించి ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి, పనిమనిషికి కూడా. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, కానీ వెంటనే జాగ్రత్తపడితే పూర్తిగా ఆపగలిగే జబ్బు. కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏవీ పెట్టొద్దు. అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ అనే, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్ కూడా చేస్తారు. డాక్టర్ రాసిచ్చిన తేదీల్లో ఒక్కటి కూడా తప్పకూడదు. ఇంట్లో తిడతారని పిల్లలు కుక్క కరిచిన సంగతి దాచేస్తారు, కాబట్టి కుక్క రాకముందే వాళ్లకు చెప్పి ఉంచండి, చెప్తే నిన్నూ తిట్టం, కుక్కనూ తిట్టం, దాచడమే తప్పు అని.

తెచ్చే రోజు పండగో, ఫంక్షనో ఉండకూడదు. దీపావళికి దగ్గర్లో అసలు వద్దు, కొత్త ఇంట్లో మొదటి వారమే టపాసుల మోత వింటే ఆ భయం జన్మంతా పోకపోవచ్చు. ఇంట్లో ఒకరు మూడు నాలుగు రోజులు సెలవు పెట్టగలిగినప్పుడు తీసుకురండి. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి వెంట తెచ్చుకోండి, ఆ వాసన దానికి ధైర్యం. మొదటి రాత్రులు ఏడుస్తుంది, ఏడవదా మరి, పుట్టినప్పటి నుంచి పదిమంది మధ్య వెచ్చగా పడుకున్నది ఒక్కసారిగా ఒంటరిదవుతుంది. వరండాలో కట్టేసి తలుపేసుకోకుండా మంచం పక్కనే బుట్ట పెట్టుకోండి, చెయ్యి కిందికి వేలాడేస్తే వచ్చి దానికి ముక్కు ఆనించి పడుకుంటుంది. ఆ రాత్రుల్లో నిద్ర పోతుందని ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉంటే ఎవరూ చిరాకుపడరు.

ప్రయాణాల సంగతి. సంక్రాంతికి ఊరెళ్తాం, ఎండాకాలం తిరుపతి వెళ్తాం, అప్పుడు దాన్ని ఎవరు చూస్తారు? రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ క్లాస్ కూపే మొత్తం మనమే బుక్ చేసుకోవాలి, లేదంటే లగేజీ పెట్టెలో వేయాలి, ఆ రెండోది నేనైతే చేయను. చూసుకునేవాళ్ల పేరు ఒకటి ముందే ఖాయం చేసుకుని, వాళ్లకు కుక్కను అలవాటు చేసి ఉంచాలి.

వరద మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు కాలనీలు మునిగినప్పుడు మనుషులు పడవల కోసం గంటలకొద్దీ డాబాల మీద ఎదురుచూశారు. పడవ వచ్చాక కుక్కకు చోటు అడిగే ధైర్యం చాలామందికి లేకపోయింది, గొలుసు విప్పి పైన వదిలేసి ఏడుస్తూ దిగినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కాలువల మధ్య, నది ఒడ్డున ఉన్న ఊరు మనది, ఇది మళ్లీ రాదని ఎవరూ అనలేరు. నాలుగు రోజుల తిండి ప్యాకెట్, టీకాల కార్డు ప్లాస్టిక్ కవర్లో, ఒక గట్టి బెల్టు, ఎత్తుకుని వెళ్లడానికి వీలైన బుట్ట, ముంపు లేని చోట కుక్కతో సహా రానిచ్చే ఒక ఇల్లు, ఇవన్నీ నీళ్లు రాకముందు చూసుకోవాల్సినవి. గొలుసుతో కట్టేసి మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వెళ్లిపోకండి, విప్పి ఉంటే అది ఈదైనా బతుకుతుంది.

సంపాదకులకు నా విన్నపం రెండే. పరీక్షలు అయిపోయే లోపు ఈ విషయాల మీద, ఏ జాతి అందంగా ఉంటుందన్నది పక్కనపెట్టి, ఒక పశువైద్యుడితో రాయించి మీ జిల్లా పేజీలో వేయండి. రెండోది, జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల గురించి చెప్పే రోజు. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తుంటారు, కానీ ఏ పేటవాళ్లు ఎక్కడికి, ఎన్ని గంటలకు వెళ్లాలన్నది మర్నాడు ఫోటోతో పాటు వార్తగా చదవడమే అవుతోంది. ముందు రోజే ఆ వివరాలు వేస్తే మా వీధిలో తీసుకెళ్లాల్సిన కుక్కలు చాలా ఉన్నాయి, తీసుకెళ్లడానికి మనుషులమూ ఉన్నాం.

ఇట్లు
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ